కొనబోవు యింటిని పరీక్షించుట



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవా రందురు. ఒకరు కట్టిన యింటిని కొనుట అంతకంటెను కష్టము. కట్టువాడు పునాదిని కన్నులార చూచును. కొనువాడు పైపూతను మాత్రమే చూచును. పట్టణమున నుద్యోగము చేయు కుమారునికై పొలమమ్మి యిల్లు కొనువారు మీలో పలువురుందురు. వారి కుపయోగించునట్లు హైదరాబాదు పాతనగరములోని కార్వాను పేటను దృష్టాంతముగా గైకొని నాలుగు మాటలు చెప్పెదను.

గోలకొండకును, 1578లో కట్టిన పురానాపూలు వంతెనకును నడుమ, మూసీనది దాపున నున్న పేట కార్వాను. బిడారు వర్తకులు దిగిన తావగుటచే దానికా పేరు కలిగెను. అచ్చట రాతితోను డంగుసున్నముతోను కట్టి, టేకు దూలములు వేసిన పాతయిండ్ల సరసనే నేటి సిమెంటు మేడలు కలవు.

మొదట చట్టము మాట. యింటిలోని ముఖ్యమైన లోపము తనకు తెలిసియుండి, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనజాలనిదైనచో, అమ్మువాడు దానిని వెల్లడింపవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను చెప్పుచున్నది. దీని తాత్పర్య మేమి? సామాన్యమైన జాగ్రత్తతో కనబడు లోపమును మనమే చూచుకొనవలెను. చూడకపోయినచో ఆ నష్టము మనదే.

రెండవది నీరు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెను. ఆ పిమ్మట 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. అయినను 2020 అక్టోబరు వానలకు నగరములోని పల్లపు పేటలు మునిగినవి. కనుక ఆ వానలో నీరెంతవర కెక్కెనో అమ్మువానిని గాక పొరుగువారి నడుగుడు. మూసీ గర్భములోని యిండ్లకు 2024లో అధికారులు సర్వేచేసి ఎఱ్ఱగుర్తులు వేసిరి. నది హద్దునకు ఇల్లెంత దూరమో కొలిపించుడు. వీలైనచో వానకాలమున నొకసారి చూడుడు.

మూడవది గోడ. అడుగుభాగమున తెల్లని ఉప్పుపొడి రాలుచున్నచో నేలతేమ ఎక్కుచున్నదని యెఱుగుడు. క్రింది మూరెడు మాత్రమే క్రొత్తరంగు పూసియుండిన అనుమానింపుడు. సున్నపు గోడపై సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి గోడను గుల్లచేయును. పూతలోని వెండ్రుకవాసి బీటలకు భయపడ నక్కరలేదు. గుమ్మముల మూలలనుండి ఏటవాలుగ సాగి వెడల్పగు బీట పునాది క్రుంగుటకు గుర్తు కావచ్చును. దానిపై కాగితమంటించి తేదీ వ్రాయుడు. కొన్ని వారములలో చినిగినచో బీట ఇంకను కదలుచున్నదన్నమాట.

నాలుగవది పైకప్పు. దూలము నడుమ గట్టిగనున్నను గోడలో దూరిన కొనలు ముందుగ కుళ్లును. ఉలితో పొడిచి చూపింపుడు. చెదలు తిన్నచోట బోలుశబ్దము వచ్చును. సిమెంటు కప్పునకు అడుగున త్రుప్పుచారలున్నను, పెచ్చులూడి ఇనుము కనబడుచున్నను సందేహింపుడు. ఎన్ని అంతస్తులకు అనుమతి కలదో నకలుతో సరిచూడుడు. ప్రక్కయింటితో ఉమ్మడి గోడ యున్నచో హక్కు లెవరివో వ్రాతలో నుండవలెను.

ఈ పరీక్షకు పాతయిండ్లు బాగుచేసిన మేస్త్రిని, ఒక ఇంజనీరును మీరే పిలిపించుకొనుడు. దళారి తెచ్చిన మనిషి దళారి మాటనే చెప్పును. వారికిచ్చు రుసుము దూలములు మార్పించు ఖర్చు ముందు స్వల్పము. రిజిస్ట్రారు కచేరిలో నిచ్చు ఈసీ తప్పక తీయవలెను. అయితే అది రిజిస్టరైన తాకట్టులను, విక్రయములను తెలుపునే గాని, గోడలోని తేమను తెలుపదు.

పరీక్ష ముగియకముందు బయానా ఇయ్యకుడు. దోషములు కనబడినచో కొనుట మానవలెనని కాదు. బాగుచేయు ఖర్చును లెక్కగట్టి వెలలో తగ్గింపుమని అడుగుడు, ఆ మాటను ఒప్పందములో వ్రాయింపుడు. ఎడ్లను కొనునపుడు పండ్లు చూచి, నడక చూచి, నాగలి కట్టి చూచెడి మీకు ఈ నేర్పు క్రొత్తది కాదు. ఆ కన్నుతోనే యింటిని కూడ చూడుడు.