రూంలో ఒకడు మాట్లాడటం మానేస్తే

ఆదివారం సోనాపూర్ క్యాంపులో నేను మాట్లాడిన మాటలివి. డ్యూటీ ఉండి రాలేనివాళ్ల కోసం గ్రూపులో పెడుతున్నం.

మా రూంలో ఎనిమిది మందిమి. జగిత్యాల దిక్కు తమ్ముడొకడు ఉండేటోడు. మెల్లగా మాతో తినుడు మానేసిండు. ఇంటికి ఫోన్ బంద్ చేసిండు. "ఇల్లు యాదికొచ్చిందా? మనసు గట్టి చేసుకో" అని నవ్వినం. ఒక రాత్రి పక్కన కూర్చొని "ఏమైంది తమ్మీ?" అని అడిగితే ఏడ్చిండు. మూడు నెలల నుంచి జీతం లేదు. ఊళ్లో వీసా కోసం తెచ్చిన అప్పుకు మిత్తి పెరుగుతుంది. "నేను లేకుంటేనే నయం అన్నా" అన్నడు.

వాని మనసు బలహీనమా? కాదు. ఒక్కడు మోయలేని బరువు వాని మీద పడ్డది. కమ్యూనిటీ సైకాలజీ అనే చదువు ఒకటుంది. 1965లో అమెరికాలో ఆ పేరుతో మొదలైంది. అది చెప్పేది ఇదే: బాధపడే మనిషిని ఒక్కణ్ణే చూడొద్దు. వాని జీతం, అప్పు, రూం, చుట్టూ ఉన్న మనుషులు, అన్నీ కలిపి చూడాలె.

ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదల్లేదు. వంతులేసుకొని పక్కనే ఉన్నం. తెల్లారి ఇంటికి మాట్లాడించినం. జీతం గురించి లేబర్ ఆఫీసులో కంప్లైంట్ పెట్టించినం, వెంట పోయినం. పైసలు వెంటనే రాలేదు. కానీ వాడు మళ్లీ మాతో కూర్చొని తిన్నడు.

మీరు కూడా ఇవి చేయండి:

👉 ఎవరికైనా తిండి, నిద్ర, మాట తగ్గితే అడగండి. సలహా తర్వాత, ముందు వినండి.

👉 "చచ్చిపోతా" అంటే తమాషా అనుకోవద్దు. పక్కనే ఉండండి. ప్రాణం మీదికొస్తే పోలీసుకు 999, అంబులెన్సుకు 998.

👉 దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342. ఫ్రీ, 24 గంటలు పనిచేస్తది. జీతం గొడవైనా, మనసు బాగలేకున్నా చేయొచ్చు.

👉 ఊళ్లో మీ ఇంటోళ్లు దిగులుతో ఉంటే టెలి మానస్ 14416కు చేయమనండి. ఇండియాలో ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు.

బాధ చెప్పుకుంటే పరువు పోదు. అందరం అప్పు చేసే వచ్చినం.

ఈ రాత్రి మీ రూంలో ఎవరు తినలేదో ఒకసారి చూడండి.