రసాయనశాస్త్రమునకు చింతగింజలు
(కృష్ణగిరిలో విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంట ఇల్లు చేరిన పిదప మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమునుండి ఎన్నో కుటుంబములు గుంటూరు వైపు సుగ్గికి పోవుట మీకు క్రొత్త సంగతి కాదు. వారితో పిల్లలును పోవుదురు. వలస కుటుంబముల పిల్లలకై ప్రభుత్వము ఋతుకాలిక వసతి గృహములను నడపుచు వచ్చినను, చంటిబిడ్డను చూచుకొనుటకనియో, నాలుగు రూకలు అధికముగా వచ్చుననియో పదునాలుగు, పదునైదేండ్ల బాలబాలికలు బడి విడిచి వెళ్లుట మానలేదు.

తిరిగి వచ్చిన పిల్లవాడు పోయిన తెలుగు పాఠమును తానే చదివికొనగలడు. రసాయనశాస్త్రము అట్టిది కాదు. సంయోజకత తెలియనిదే సాంకేతికము వ్రాయలేడు. సాంకేతికము రానిదే సమీకరణమును తుల్యము చేయలేడు. నిచ్చెనలో ఒక్క మెట్టు విరిగినను పై మెట్టు అందదు. అతడు వెనుక వరుసలో కూర్చుండి, అర్థమైనట్లు తలయూపుచుండును. పరీక్ష వచ్చును. ఆ పిమ్మట బడిలో కానరాడు.

మాకు చదువు రాదు, మేమేమి చేయగలమని మీరు అడుగవచ్చును. మేము ఈనాడు తెచ్చిన సాధనములు రెండే: బుడ్డలు, చింతగింజలు. ఒక్కొక్క బుడ్డగింజ ఉదజని పరమాణువనుకొనుడు. చింతగింజ ఆమ్లజని పరమాణువు. (నేటి పుస్తకములలో వీనినే హైడ్రోజన్, ఆక్సిజన్ అనుచున్నారు. పేరు మారినదని పెద్దలు బెదరవలదు.) ఉదజని అణువున రెండు గింజలు జంటగా నుండును. ఆమ్లజనియు అంతే. నీటి అణువునకు రెండు బుడ్డలు, ఒక చింతగింజ వలయును. ఇక పిల్లవానిని నీరు చేయుమనుడు. ఒక ఉదజని జంట, ఒక ఆమ్లజని జంట తీసికొనినచో ఒక చింతగింజ మిగిలిపోవును. ఇచ్చటనే అనేకులు తప్పు చేయుదురు. మిగిలిన గింజను ఆ నీటిలోనికే త్రోసి లెక్క సరిపోయినదందురు. అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ అను వేరొక పదార్థము. సాంకేతికమును మార్చరాదు, అణువుల సంఖ్యనే మార్చవలెను. మరియొక ఉదజని జంటను తెచ్చినచో నాలుగు బుడ్డలు, రెండు చింతగింజలు రెండు నీటి అణువులగును. గింజ మిగులలేదు, తరుగలేదు. ఇది చూచుటకు మీకు అక్షరము రానక్కరలేదు. లెక్కించుట వచ్చిన చాలును.

ప్రయోగశాలయు మన యింటనే కలదు. పసుపు మరకపై సబ్బు రుద్దినప్పుడు అది ఎర్రబారుట ప్రతి తల్లియు ఎరుగును. సబ్బు నీరు క్షారము. పసుపు దానిని పట్టియిచ్చినది. నిమ్మరసము పిండినచో మరల పసుపు వన్నె వచ్చును. నల్లరేగడిలో దొరకు తెల్లని సున్నపు గులకలను పొడిచేసి నిమ్మరసము పోసినచో నురుగు పొంగును. వెలువడునది బొగ్గుపులుసు వాయువు. సున్నపు తేటలోనికి బొప్పాయి ఆకు కాడతో మెల్లగా ఊదినచో అది పాలవలె తెల్లబడును, మన ఊపిరిలోను అదే వాయువున్నది గనుక. ఊదవలెనే గాని పీల్చరాదు. పత్తికి కొట్టిన పురుగుమందు సీసాలను ఎంత కడిగినను ఈ పనికి తాకనీయకుడు.

ఎమ్మిగనూరున 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘము పేరు మీరందరు వినియున్నారు. అద్దకము తెలిసిన నేతపనివారు ఈ సభలో ఉన్నచో వారే మాకంటె మంచి ఉపాధ్యాయులు. నీలిరంగు నీట కరగదు. కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైట్ చేర్చినప్పుడు అది క్షయకరణము చెంది కరగును. తొట్టి పసుపుపచ్చగా మారును. అందు ముంచిన నూలు చిలపను పైకి తీసి గాలికి పట్టినచో, ఆక్సీకరణము జరిగి కన్నుల యెదుటనే నీలమెక్కును. పుస్తకములో బట్టీపట్టి మరచు రెండు మాటలు ఆ చిలపను చూచినవాడు మరువడు. ఆ తొట్టి యొద్దకు పిల్లలను ఒక్కమారు తీసికొనిపొండు, దూరముగా నిలుపుడు. కాస్టిక్ సోడా చర్మమును కాల్చును.

ఒకమారు తప్పినవానిని మాన్పింతుమనువారు ఇది వినుడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. 1925లో ఫిస్కే అను ఆచార్యునితో కలసి ఆయన ప్రకటించిన భాస్వరపు పరీక్షా విధానము వారిద్దరి పేరనే ప్రసిద్ధి చెందినది.

సుగ్గి నుండి వచ్చిన పిల్లలను ఒక అరుగుపై చేర్చి, పై తరగతి దాటిన ఊరి యువకుడొకనిని దినమునకు ఒక గంట కూర్చుండబెట్టుడు. దినమునకు మూడు సమీకరణములు చాలును; మొదట గింజలతో, పిమ్మట పలకపై. గిద్దెడు చింతగింజలు, పిడికెడు బుడ్డలు మీరు సమకూర్చుడు. లెక్క తేలువరకు బుడ్డలు తినరాదని మాత్రము ముందే చెప్పవలెను.