పురుగుమందు కేసులో మొదటి రాత్రి గడిస్తే చాలదు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, పిల్లలకు ఉర్దూలో పాఠాలు చెప్పుకునే పంతులును. అయితే పత్తి, మిర్చి పండే ఈ నల్లరేగడి నేలలో పురుగుమందు సంగతి అందరిదీ గనుక నాలుగు మాటలు మనవి చేస్తాను. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి పెద్దలకు జ్ఞాపకం వుండే వుంటుంది. పొలంలో మందు కొడుతూ సొమ్మసిల్లే కూలీలు వేరే వున్నారు.

ఇటువంటి మనిషిని ఆసుపత్రిలో చేర్చాక మన వాళ్ళు తరచు ఒక మాట అంటారు: "రాత్రి గడిచింది, మాట్లాడుతున్నాడు, ఇక ఇంటికి తీసుకుపోదాం." నేను చెప్పదలచినదల్లా ఒక్కటే. ఆ మాట అనకండి.

ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు నరాల పనికి కావలసిన ఒక ఎంజైమును అణచివేస్తాయి. చొంగ, చెమట, వాంతులు వస్తాయి, కంటిపాప చిన్నదవుతుంది, ఊపిరితిత్తులు నీరుపడతాయి. అట్రోపిన్ ఇంజక్షన్ ఆ నీటిని ఆరబెడుతుంది, కండరాలకు మాత్రం బలం తేదు. శ్రీలంకలో సేనానాయకే, కరల్లియద్దె అనే డాక్టర్లు 1987లో పదిమంది రోగుల సంగతి ప్రకటించారు. మొదటి గండం దాటిన తరువాత, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, వారికి మెడ, ఊపిరి కండరాలు చచ్చుబడ్డాయి. కనుక పక్కన కూర్చున్నవారు ఒకటి గమనించాలి. రోగి దిండు మీదనుంచి తల ఎత్తలేకపోతే వెంటనే నర్సును పిలవాలి.

అప్పుడు ఊపిరి నిలిపేది మత్తు డాక్టరు, వెంటిలేటరు. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో వచ్చినప్పుడు ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, ఆపరేషన్ గదిలో వాడే సంచితో గొంతు గొట్టం ద్వారా ఊపిరి పోయించాడు. వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు ఆ సంచిని చేత్తో నొక్కారు. నేటి ఐసీయూకు అదే నాంది. వెంటిలేటరు పెట్టారంటే ఆశ వదిలేశారని కాదు. కండరాలు కోలుకునేదాకా రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు, అది అరువు ఊపిరి.

డాక్టరుకు నిజం చెప్పడం అన్నిటికన్న ముఖ్యం. గొంతులో గొట్టం వేసేటప్పుడు వాడే సక్సినైల్‌కోలిన్ మామూలుగా కొద్ది నిమిషాలలో దిగిపోతుంది. ఈ విషం ఎక్కినవారిలో గంటల తరబడి నిలిచిపోవచ్చు. పరువు కోసమో, పోలీసు భయంతోనో "ఎండ దెబ్బ" అని చెబితే పోయేది ప్రాణం. ఆసుపత్రివారు పోలీసుకు తెలియజేయడం మామూలే, దానికి జడవనక్కరలేదు. ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే పాత 309వ సెక్షన్ 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో లేదు. మందు డబ్బాను కూడ వెంట తీసుకుపోండి. బట్టలు మార్చి ఒళ్ళు సబ్బుతో కడగండి, కడిగేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు. 108కి ఫోను చేయండి.

అట్రోపిన్ ఎక్కువైనప్పుడు రోగి కలవరిస్తాడు, మంచం దిగి పారిపోబోతాడు. గాలి సోకిందని తావీదు కోసం పరుగెత్తకండి, డాక్టరుకు చెప్పండి.

ఇంటికి వచ్చాక కూడ పని మిగిలే వుంటుంది. కొన్ని మందుల వల్ల రెండు మూడు వారాల తరువాత కాళ్ళలో తిమ్మిరి, బలహీనత వస్తాయి. ఫిజియోథెరపీ మానరాదు. ప్రాణం తీసుకోబోయినవాడైతే మనసుకు కూడ వైద్యం కావాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ వారు ఉచితంగా మాట్లాడతారు.

ఇయాదత్ మన దీన్ నేర్పిన మంచి పని. అయితే ఐసీయూ ముందు యాభైమంది గుమికూడి "గునాహ్ చేశాడు" అని ఆ తల్లి వినేట్టు గుసగుసలాడడం ఇయాదత్ కాదు. సొసైటీ తరఫున ఇద్దరిద్దరు వంతులు వేసుకుని కూర్చోవాలి. బైతుల్‌మాల్ నుంచి తోడున్నవారి భోజనానికి, బస్సు చార్జీలకు కొంత ఇవ్వాలి. నెల తరువాత ఇంటికి వెళ్ళి, అప్పు సంగతి, కాళ్ళ సంగతి, మనసు సంగతి అడగాలి.

ఈ పనికి పూనుకునే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.