మాయాస్త్రము – మరతుపాకి

“ఘటోత్కచుని మాయకు నేటి ఫిరంగి యెదురైనచో గెలుపెవరిది?” ‘మాయాబజార్’ చూచిన పిల్లలు ఇట్టి ప్రశ్న వేయక మానరు. 1957లో విడుదలైన ఆ చిత్రమును నేటికిని ఇండ్లలో చూచుచునే యున్నారు; ప్రశ్నయు అట్లే నిలిచి యున్నది. పెద్దలు నవ్వి ఊరకుందురు. కాని శ్రోతలారా, ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

ఇంద్రేశము వారికిది మరింత దగ్గరి ప్రశ్న. ఊరి పేరులోనే ఇంద్రుడు వినబడును. చేరువనున్న భానూరున భారత్ డైనమిక్స్ సంస్థవారి క్షిపణుల కర్మాగారము కలదు. అదే సంగారెడ్డి జిల్లాలోని ఎద్దుమైలారమున సైన్యమునకు కవచవాహనములు తయారగుచున్నవి. 1983లో మన దేశము చేపట్టిన పథకమున పుట్టిన క్షిపణులకు పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్ అని పేర్లు పెట్టిరి. పేర్లు పాతవి, పని మాత్రము గణితముది, లోహశాస్త్రముది, రసాయనశాస్త్రముది.

భారతకథలో అస్త్రములకు హద్దులున్నవి. ఇంద్రుడు కర్ణునకిచ్చిన శక్తి ఒక్కసారికే పనిచేయును. కర్ణుడు దానిని అర్జునునికై దాచుకొనెను. పదునాల్గవనాటి రాత్రియుద్ధమున ఘటోత్కచుని మాయకు కౌరవసేన తల్లడిల్లగా, వేరు దారి లేక అతనిపైననే ప్రయోగించెను. మాయ ఓడినది, కర్ణుని ఆశయు ఆ రాత్రియే చెల్లిపోయినది. ఆ హద్దే లేకున్నచో మనకు కర్ణునిపై జాలియు కలుగదు, కథయు నడువదు.

మరతుపాకి తీరు వేరు. దానికి తపస్సు అక్కరలేదు, గురూపదేశము అక్కరలేదు. గుండ్లున్నంత వరకు ఎవరి చేతిలోనైనను ప్రేలును. అస్త్రవేత్త యుగమునకొకడు పుట్టును. తుపాకులు ఒక్క కర్మాగారమునుండి వేలకొలదిగా వచ్చును. దాని బలమంతయు ఆ సంఖ్యలోనున్నది.

ఈ పోటీ చరిత్రలోను జరిగినది. 1905లో తూర్పు ఆఫ్రికాయందు జర్మనుల పాలనపై తిరుగబడినవారు, మంత్రించిన జలము తుపాకిగుండ్లను నీరు చేయునని నమ్మిరి. మరతుపాకుల యెదుట ఆ నమ్మకము నిలువలేదు; వేల ప్రాణములు పోయినవి. మన మన్యమున అల్లూరి సీతారామరాజునకు గుండు తగిలినను ప్రాణహాని లేదని అనుచరులు నమ్మిరి. అయినను ఆయన ఆ నమ్మకముతోనే యుద్ధమునకు దిగలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులు, మందుగుండు చేజిక్కించుకొనెను. నమ్మకము గిరిజనులకు ధైర్యమిచ్చినది. పోరు సాగించుటకు తుపాకులు కావలసివచ్చినవి. 1924 మే 7న తుపాకిగుండ్లకే ఆయన ప్రాణములర్పించెను. మాయ గుండును ఆపదు. ఈ మాట పిల్లలకు దాపక చెప్పవలెను.

కాని కథ చెప్పినది ఇంకొకటి కలదు. సౌప్తికపర్వమున అశ్వత్థామయు అర్జునుడును బ్రహ్మశిరోస్త్రములు వదలిరి. లోకము దగ్ధమగునని నారదవ్యాసులు నడుమ నిలిచి, ఉపసంహరింపుడనిరి. అర్జునుడు మరల్చుకొనెను. అశ్వత్థామకు వదలుటయే గాని మరల్చుట చేతగాలేదు. ఆ అస్త్రము ఉత్తర గర్భముననున్న శిశువుపై బడినది.

నేటి ఆయుధములు చాలవరకు అశ్వత్థామ అస్త్రములే. తీగ వెంట సంకేతములందుకొని పోవు ట్యాంకు విధ్వంసక క్షిపణి యున్నది. గురిచూచువాడు తుదివరకు లక్ష్యముపై చూపు నిలిపినచో అది తగులును. చూపు మరల్చినచో దారి తప్పును. వెనుకకు మాత్రము రాదు. ఫిరంగిగుండునకు ఆపాటి అదుపును లేదు.

కావున ఇంటిలోని పిల్లలు మరల అడిగినచో, ఈ మాట చెప్పుడు: మాయకును ఫిరంగికిని పోరు పెట్టి ఎవరిని గెలిపించినను కథకుని ఇష్టము. నిజమైన యుద్ధమున వదలినది తిరిగి రాదు. అందుచేత అర్జునుడు వదలిన పిమ్మట చూపిన నిగ్రహమును, మనము వదలుటకు ముందే చూపవలెను.