మెడలో గడ్డ – బీరువాలో ఫైలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను డాక్టరును కాను. అకౌంట్స్ విభాగంలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. కనుక నాకు జరిగినదే మనవి చేస్తాను.

2008లో నా ఎడమ కిడ్నీలో కేన్సర్ కణితి ఉందని తేలి, ఆ కిడ్నీ తీసేశారు. తర్వాత కొన్నేళ్ళు చేయించిన స్కానింగులన్నీ బాగానే ఉన్నాయి. 2021లో గడ్డం గీసుకుంటుంటే మెడకు కుడివైపున గోళీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. థైరాయిడ్ రక్తపరీక్ష నార్మల్. "ఈ వయసులో ఇవి మామూలేనండీ" అన్నారు చూసినవారు. నిజమే, అటువంటి గడ్డల్లో ఎక్కువ భాగం హాని చేయనివే.

మా శ్రీమతి మాత్రం ఊరుకోలేదు. బీరువాలోని 2008 నాటి ఫైలు తెచ్చి డాక్టరుగారి బల్లమీద పెట్టింది. అందులోని బయాప్సీ రిపోర్టు చదివి ఆయన వెంటనే స్కానింగు చేయించారు. సన్నని సూదితో గడ్డలోని కణాలు తీయించి, పాత స్లైడులతో పోల్చి చూపించారు. అది థైరాయిడ్‌లో పుట్టిన కేన్సర్ కాదనీ, కిడ్నీ కేన్సరే పదమూడేళ్ళ తర్వాత మెడలో తేలిందనీ నిర్ధారణ అయింది.

వేరే అవయవాల కేన్సర్ థైరాయిడ్‌కు చేరటం అరుదు. అలా చేరి గడ్డగా బయటపడేవాటిలో తరచుగా కనిపించేది కిడ్నీ కేన్సరేనట. ఆపరేషన్ జరిగిన పదేళ్ళకు, ఇరవై ఏళ్ళకు కూడా రావచ్చునట.

ఈ తేడా తెలియకపోతే వైద్యమే దారి తప్పుతుంది. థైరాయిడ్ కేన్సర్‌కు వాడే రేడియో అయోడిన్ కిడ్నీ కేన్సర్ కణాలమీద పనిచేయదు. గడ్డ అక్కడొక్కచోటే ఉంటే ఆపరేషన్ చేస్తారు. మరికొన్ని చోట్ల కూడా ఉంటే 2006 నుంచి సునిటినిబ్ వంటి మాత్రలు, 2015 నుంచి నివోలుమాబ్ వంటి ఇంజెక్షన్లు వాడుకలోకి వచ్చాయి. నాకు మరెక్కడా లేకపోవటంతో గ్రంథి తీసేశారు. రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర, వేళకు స్కానింగు – ఇదీ ఇప్పటి నా దినచర్య. మళ్ళీ రాదని డాక్టరుగారు హామీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

మిత్రులారా! పి.పి.ఓ. కాగితాన్ని మనమంతా ప్రాణంగా దాచుకుంటాం. పాత ఆపరేషన్ కాగితాలను, బయాప్సీ రిపోర్టును కూడా దాని పక్కనే ఉంచండి. ఎప్పుడో నయమైంది కదా అనుకోక, కొత్త డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ సంగతే ముందు చెప్పండి. ఫైలు ఏ అరలో ఉందో ఇంట్లోవారికి తెలియజేయండి.