ఇంటి తీగకు ఊత
(సమాజ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



అండమాను నికోబారు దీవులలో ప్రభుత్వోద్యోగి నివసించు క్వార్టరు ఎంత చిన్నదైనను, కిటికీ చెంతనో వసారా మూలనో ఒక మనీప్లాంటు తీగ కానవచ్చుట పరిపాటి. బదిలీపై క్రొత్తగా వచ్చిన ఇల్లాలికి పొరుగింటివారు జానెడు తీగముక్క ఇచ్చెదరు. ఖాళీ సీసాలో నీరు పోసి దానిని నిలిపినచో రెండు మూడు వారములలో వేళ్లు తొడుగును. ఆ తీగను అందముగా తీర్చిదిద్దుట ఎట్లు, దానిని ఎచ్చట ఆపవలెను అను రెండు విషయములే నేటి ప్రసంగమునకు వస్తువు.

ఈ తీగ భారతదేశమున పుట్టినది కాదు. పసిఫిక్ మహాసముద్రమున సొసైటీ ద్వీపములలోని మూరియా దీని జన్మస్థానము. 1880లో ఐరోపా శాస్త్రజ్ఞులు దీనిని పోథోస్ ఆరియస్ అను పేర వర్ణించిరి. నేటి శాస్త్రనామము ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. చేమ, కంద దీనికి దాయాదులు. ఇది పూచుట మిక్కిలి అరుదు. పుష్పించుటకు కావలసిన జిబ్బరెల్లిన్ అను వృద్ధి రసాయనము ఈ తీగయందు తగినంత తయారు కాకుండుటయే అందులకు కారణమని 2016లో వెలువడిన పరిశోధన తేల్చినది. పువ్వు లేనిచోట విత్తనమును లేదు. కనుక ఇండ్లలో పెరుగు మనీప్లాంటు మరియొక తీగనుండి కోసిన ముక్కయే. దీని బలమంతయు కాండమునందే కలదు.

కాండముపై నున్న కణుపులను గమనింపుడు. ప్రతి కణుపు వద్దను ఒక ఆకు, ఒక మొగ్గ, ఒక వేరు బొడిపె ఉండును. తీగ ఊత లేక క్రిందికి వ్రేలాడినచో ఆకులు చిన్నబోవును. కణుపుల నడుమ దూరము పెరుగును. ఊత దొరకి పైకి ప్రాకినచో వేళ్లు దానిని పట్టుకొనును. ఆకులు క్రమముగా వెడల్పగును. అడవిలో పెద్ద చెట్టు నెక్కిన తీగకు ఆకులు అరమీటరుకు మించి పెరిగి, అంచులనుండి చీలికలు పడును. ఇంటిలోని అరచేతి ఆకును ఆ ఆకును చూచినవారు రెండును ఒకే జాతివని నమ్మజాలరు.

ఆంధ్రదేశపు తమలపాకు రైతులకు ఈ మర్మము క్రొత్త కాదు. అవిసె చెట్లకు తీగలను ప్రాకించి, అవి పెరిగినకొలది మెత్తగా కట్టుచు వచ్చుట వారి నిత్యకృత్యము. మనీప్లాంటు వేరొక కుటుంబమునకు చెందినదైనను పద్ధతి అదియే.

మీటరు పొడవు గల కర్రకు కొబ్బరి పీచును దట్టముగా చుట్టవలెను. దీవులలో పీచునకు కొదువ లేదు. తీగను నాటుటకు ముందే కర్రను కుండీలో పాతవలెను. తరువాత పాతినచో వేళ్లు తెగును. పీచు ఎల్లప్పుడు చెమ్మగిల్లి ఉండవలెను. ఎండిన పీచును వేరు పట్టదు. కణుపును పీచునకు ఆన్చి, నూలు పేలికతో కాండమునే కట్టవలెను గాని ఆకు కాడను కట్టరాదు. ఇనుప తీగ పనికిరాదు. కట్టు 8 అంకె ఆకారమున వదులుగా ఉండవలెను. లేత కాండము చెప్పినట్లు వంగును; ముదిరినది విరుగును. ముదిరిన దానిని మలుపవలసి వచ్చినచో ఒకటి రెండు దినములు నీరు తగ్గించి, వారమునకు కొంచెము చొప్పున వంచవలెను. వేళ్లు పట్టు చిక్కించుకొనిన పిమ్మట కట్టు విప్పివేయవలెను. కొస త్రుంచినచో ప్రక్క మొగ్గలు చిగుర్చును. త్రుంచిన ముక్కలను మొదట నాటినచో కుండీ నిండుగా కనబడును.

రెండు జాగ్రత్తలు ముఖ్యము. తీగ రసము నోటిని, చర్మమును మండించును; పసిపిల్లలకు అందనీయరాదు. సీసాలోని నీటిని వారమునకు ఒకసారియైన మార్చవలెను. లేనిచో డెంగీ దోమలకు అది నెలవగును.

ఇక ఆపవలసిన చోటు. బదిలీ ఉత్తరువు వచ్చిన దినమున సామాను కట్టు తొందరలో కుండీని పెరటిగోడ ఆవల కుమ్మరించి పోవువారు కలరు. ఇంటిలో గుణమైనదే అచ్చట దోషమగును. కణుపున్న ముక్క చాలును. సాలీన సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షము పడు నేలపై అది చావదు. శ్రీలంకయందును హవాయియందును ఈ తీగ తోటలు దాటి అడవి చెట్లను కప్పివేసినది.

బయటినుండి వచ్చినవి చేయు కీడును ఈ దీవులు ముందే చూచినవి. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో ఆంగ్లేయులు తెచ్చి విడిచిన చుక్కల దుప్పి, వేటాడు మృగము లేకపోవుటచే ప్రబలి అడవి మొలకలను మేసివేయుచున్నది. జపానువారి ఆక్రమణ కాలమున, 1942-45 నడుమ వచ్చిన ఆఫ్రికా పెద్దనత్త నేటికిని తోటలను పీడించుచున్నది. తెచ్చినవారు వెళ్లిపోయిరి, తేబడినవి నిలిచిపోయినవి.

కావున మనీప్లాంటును ఆవరణలోని చెట్టుమీదికి ప్రాకనీయరాదు. కత్తిరించిన ముక్కలను కాలువలోగాని అడవి అంచునగాని వేయరాదు. గచ్చుపై ఎండలో ఫెళఫెళలాడువరకు ఎండనిచ్చి పిమ్మట పారవేయవలెను. బదిలీయైనవారు కుండీని తరువాత ఆ క్వార్టరునకు వచ్చువారికో పొరుగువారికో చేతికిచ్చి వెళ్లవలెను. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయిరు మొదలు దూరపు దీవి వరకు ఏ క్వార్టరునందైనను ఈపాటి పని కష్టము కాదు.

ఉద్యోగి ఈ దీవులలో ఉండునది కొన్ని సంవత్సరములే. అతడు నాటిన తీగ అంతకంటె ఎక్కువ కాలము బ్రతుకును. ఊత ఇచ్చిన చేయియే హద్దును కూడ ఏర్పరుపవలెను.