బడిలో కోయ మాటకి చోటెందుకు లేదు?

(ఆగస్టు 9, ఆదివాసీ దినం నాడు వట్లూరు పేటలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివాసుల భాష గురించి వట్లూరులో సభేంటని కొందరు అడిగారు. మనకి కూలి రేట్ల గొడవుంది, శ్మశానం స్థలం గొడవుంది, కోయోళ్ళ భాషతో ఏం పని అన్నారు. పని ఉందండి. ఏలూరులో బస్సెక్కి జంగారెడ్డిగూడెం దాటితే బుట్టాయగూడెం, జీలుగుమిల్లి. అటుపక్క పోలవరం. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు కూడా మన రాష్ట్రంలో కలిశాయి. ఏలూరు కలెక్టరాఫీసు ముందు మనం అర్జీ పట్టుకుని నిలబడే చోటే వాళ్ళూ నిలబడుతున్నారు.

కోయ భాషలో ఏరు అంటే నీళ్ళు. లోన్ అంటే ఇల్లు. మనకేమో ఏరంటే వాగు, లోనంటే బ్యాంకు అప్పు! ఒకటో తరగతి కోయపిల్ల దాహమేసి "ఏరు" అంటే, మైదానం నుంచి వెళ్ళిన మేష్టారు ఏటికి ఆడుకోటానికి పోతానంటోందనుకుని కూర్చోమంటాడు. రోజూ ఇదే జరిగితే ఆ పిల్ల నోరు మూసుకుంటది. తర్వాత బడే మానేస్తది. రిజిస్టర్లో డ్రాపౌటని రాస్తాం. మానేసింది పిల్లా, మాన్పించింది బడా?

మాల మాదిగలకి ఈ అవమానం కొత్త కాదు. మన నోటి మాటని పల్లె మాటని ఎక్కిరించిన బడుల్లోనే మేం చదువుకున్నాం. అయినా ఒక తేడా ఉంది. మనం మాట్లాడింది తెలుగే, యాసని చూసి నవ్వారు. వాళ్ళ భాషకి అసలు గుమ్మంలోకే ప్రవేశం లేదు.

2011 జనాభా లెక్కల్లో కోయ మా భాష అని రాయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 4 లక్షల పైచిలుకు. అంతమంది ఉండగా భాష ఎలా పోద్దంటారా? తలకాయలు లెక్కపెడితే చాలదు. తల్లి బిడ్డతో ఏ మాట మాట్లాడుతుందో వినాలి. మన వైపు గూడేల్లో చాలాచోట్ల అది తెలుగైపోయింది. (కొండరెడ్ల ఇంటి భాష తెలుగే, ఆ సంగతి వేరు.)

మంత్రులొస్తే కొమ్ములు పెట్టించి ఎదురు ఆడిస్తారు. రేల పాట పాడిస్తారు. ఫోటో అయిపోయాక ఆ పాట భాష ఎవరికీ పట్టదు. కోయల్లో డోలీలని ఉన్నారు. పడిగె గుడ్డ మీద బొమ్మలు చూపిస్తా గోత్రాల కథ, సమ్మక్క సారలమ్మల కథ పాడతారు. అలాంటి పెద్ద కళాకారుడు మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో చనిపోయారు. ఆ కథలన్నీ ఆయన నోట్లో ఉండేవి, పుస్తకంలో కాదు.

భాష గాల్లో బతకదు, భూమ్మీద బతుకుద్ది. పోలవరం ముంపు ఊళ్ళని కాలనీలకి తోలుతున్నారు. కాలనీలో ఇల్లుంటది, అడివి ఉండదు. ఇప్పపువ్వు ఏరే చోటే లేకపోతే ఆ పాట ఎక్కడ పాడాలి? కొల్లేరు చేపల చెరువులయ్యాక దోనె అన్న మాట మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో మీరే అడిగి చూడండి.

కాగితాల మీద హక్కులకి కొదవ లేదు. మాతృభాషలో ప్రాథమిక చదువు గురించి రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956లోనే చేరింది. ఉమ్మడి రాష్ట్రంలో కోయ, సవర, గోండి, కొలామి కలిపి 8 భాషల్లో బడి మొదలెట్టారు. మంచి పనే. కానీ ఆ వాచకం చదివి చెప్పే మేష్టారికి కోయ రాకపోతే ఏం లాభం? 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు జీవో ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇక్కడ మనలో మనం దాచుకోకుండా మాట్లాడుకోవాలి. ఆ తీర్పొచ్చాక మన పేటల్లో డీఎస్సీకి చదివే పిల్లలు కొందరు సంబరపడ్డారు. ఏజెన్సీ పోస్టులు మనక్కూడా వస్తాయని. వాళ్ళ ఆకలి మాకు తెలుసు. అయినా మేం ఒప్పుకోం. మనం కొట్లాడాల్సింది బ్యాక్‌లాగ్ పోస్టుల కోసం, రిజర్వేషన్ మాటే లేని ప్రైవేటు ఉద్యోగాల కోసం. కోయ తెలిసిన పంతులమ్మ కుర్చీ మనం లాక్కుంటే, రేపు మన రిజర్వేషన్ మీద మెరిటని అరిచేవాడికి ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్తాం?

ఇంకొకటి అడుగుతారు, కోయ నేర్పితే ఇంగ్లీషెలా వస్తదని. దొరబిడ్డలకి కాన్వెంటు, ఆదివాసీ బిడ్డలకి అమ్మభాష అనే వంకర వాదన మాది కాదు. ఇంగ్లీషు కావాల్సిందే. మొదట కోయలో అర్థమై, దాని మీద తెలుగు, ఇంగ్లీషు ఎక్కాలి. న్యూజిలాండులో మావోరీలు 1982లో చంటిపిల్లల కేంద్రాలు పెట్టారు. నాయనమ్మలూ తాతలే అక్కడ మావోరీలో మాట్లాడి పెంచారు. 1987కి ఆ భాష అధికార భాషయ్యింది. ఆగస్టు 29న గిడుగు రామమూర్తికి దండలేస్తారు గదా, ఆయన సవర భాషకి నిఘంటువు, వ్యాకరణం రాశాడని ఆ రోజు ఎంతమంది చెప్తారు?

ఇప్పుడు చేయగల పని చెప్తాం. గూడేల్లో కోయ పాడగల ముసలోళ్ళ పాటలు, కథలు ఫోన్లో రికార్డు చేయాలి. ఎవరు పాడారో వాళ్ళ పేరే ఉండాలి, మన పేరు కాదు. వాళ్ళు వద్దన్నది తీయకూడదు. అంగన్‌వాడీల్లో కోయ వచ్చిన ఆయమ్మలనే పెట్టాలని, 3వ నంబరు జీవో స్థానంలో గట్టి చట్టం తేవాలని ఐటీడీఏకి అర్జీ రాశాం. సంతకాలు, వేలిముద్రలు సభ అయ్యాక ఇక్కడే తీసుకుంటాం. వచ్చే ఆదివారం బుట్టాయగూడెం వెళ్తున్నాం. వచ్చేవాళ్ళు పేరివ్వండి. బస్సు చార్జీ, సద్దిమూట ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.